గోరువెచ్చని బాప్తిస్మం

జీవరత్నం బాగుచేయలేని మోటారు జగ్గయ్యపేట చుట్టుపక్కల లేదు. ఆ సంగతి ఎవర్నడిగినా చెబుతారు. వాళ్ళందరికీ చెప్పింది జీవరత్నమే.

సొంతూరు పెనుగంచిప్రోలు. పదో తరగతి తప్పాక నందిగామలో ఒక వైండింగ్ షాపులో పనికి కుదిరాడు. రాగితీగ చుట్టడం ఆర్నెల్లకు వచ్చింది. రానిదాన్ని వచ్చినట్టు చెప్పడం మొదటి వారంలోనే వచ్చింది. రెండో విద్యే అతనికి ఎక్కువ అన్నం పెట్టింది. ఇప్పుడు పేట బస్టాండు వెనక సొంత షాపు ఉంది. వేసవి వచ్చిందంటే కాలిపోయిన మోటార్లు ఆ షాపు ముందు సర్కారు ఆస్పత్రి వరండాలో రోగుల్లా బారులు తీరతాయి.

"ఏం చేశావురా దీన్ని?" అంటాడు, పెళ్ళాన్ని కొట్టి ఆస్పత్రికి తెచ్చినవాణ్ణి నర్సు అడిగినట్టు.

"నేనేం చెయ్యలేదన్నా. తిరుగుతా తిరుగుతా ఆగింది."

"నువ్వేం చెయ్యకపోబట్టే ఆగింది. హార్స్‌పవరు చాల్లేదు. ఐదు తీసేసి ఏడున్నర బిగించుకో."

అతని సిద్ధాంతం అదొక్కటే. ఈ మెట్ట నేలల్లో దాన్ని కాదన్న మొనగాడు లేడు. పొలానికి కరెంటు ఇచ్చేది రోజులో కొన్ని గంటలే. ఆ గంటల్లోనే బోరు అడుగంటేదాకా లాగెయ్యాలి, లేకపోతే పక్క పొలంవాడు లాగేస్తాడు. అందుకే ఇక్కడ మనిషి ఇల్లు చిన్నదైనా సర్దుకుంటాడు గాని మోటారు చిన్నదైతే తలెత్తుకుని తిరగలేడు.

అలాంటి మనిషిని చెన్నకేశవరావు గారు ఈత తొట్టి బాగుచెయ్యమని పిలిచారు.

చెన్నకేశవరావు గారిది పేటలో మిర్చి, అపరాల హోల్‌సేలు వ్యాపారం. ఆయన తండ్రి, మిర్చి బంగారం ధర పలికిన ఒక ఏడు, హైదరాబాదు హోటల్లో నీలం పలకలు పరిచిన తొట్టి చూసొచ్చి, అచ్చం అలాంటిదే నందిగామ రోడ్డులో ఇంటి వెనక కట్టించాడు. కట్టించి నీళ్ళు నింపాక తెలిసింది, ఆ వంశంలో ఎవరికీ ఈత రాదని. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళలో అందులోకి దిగినవి ఎండాకాలం పుచ్చకాయలు, వానాకాలం కప్పలు. పక్కన గదిలో ఇసుక నింపిన ఇనుప డ్రమ్ము ఒకటి, దాని గొట్టాలు, ఒక చిన్న మోటారు తుప్పు పట్టి ఉన్నాయి. నీళ్ళు వడగట్టే యంత్రమట. దాన్ని తిప్పడం ఎలాగో పెద్దాయన ఎవరికీ చెప్పకుండానే పోయాడు.

ఇప్పుడు ఆ తొట్టితో పని పడింది. చెన్నకేశవరావు గారి భార్య శ్యామలాదేవి గారికి మోకాళ్ళు పట్టేశాయి. విజయవాడ డాక్టరు, గోరువెచ్చటి నీళ్ళలో రోజూ కాసేపు నడిస్తే మంచిదన్నాడు. షావుకారు గారు ఆలోచించారు. ఇంట్లో తొట్టి పెట్టుకుని ఊరు మీద పడి నీళ్ళు వెతుక్కోవడం వ్యాపారస్తుడి లక్షణం కాదు.

"ఈత తొట్టి పని ఎప్పుడైనా చేశావా?" అని అడిగారు.

"అదేముందండి. బావి వెల్లకిలా పడుకుంటే తొట్టి."

"నీళ్ళు శుభ్రంగా ఉండాలి. గోరువెచ్చగా ఉండాలి. మా ఆవిడ అందులో నడవాలి."

గోరువెచ్చగా అన్న మాట దగ్గర జీవరత్నం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మనుషులు మునిగేంత లోతు ఉంటదాండి?" అని అడిగాడు.

"నడవాలన్నాగాని మునగాలనలేదయ్యా."

"ఊరికే అడిగానండి. పనిలో అన్నీ తెలుసుకోవాలి గదా."

ఊరికే అడగలేదు. దాని వెనక వాళ్ళమ్మ ఆదెమ్మ ఉంది.

ఆదెమ్మ భర్త ఆశీర్వాదం కూలిపని చేసి బతికినవాడు. ముసలితనంలో నెహెమ్యా పాస్టరు గారి మందిరంలో చేరి, మున్నేట్లో నిండా మునిగి బాప్తిస్మం తీసుకుని, ఆ తర్వాత రెండేళ్ళకే కన్నుమూశాడు. ఏటి గట్టున మందిరం వాళ్ళ సమాధుల తోటలో పెట్టారు. పక్కన ఒక చోటు ఖాళీగా ఉంది. అది తనదని ఆదెమ్మ అనుకుంది. మందిరం పెద్దలు అలా అనుకోలేదు. అక్కడ పడుకోవాలంటే నీళ్ళలో నిండా మునిగినవాళ్ళై ఉండాలి. ఆదెమ్మకు పుట్టినప్పుడు వేరే సంఘంలో నెత్తిన నాలుగు చుక్కలు చల్లారు. "ఒకసారి తడిశాను, చాలు" అని ఇన్నాళ్ళూ వాదించిన మనిషి.

ఇప్పుడు ఆవిడ మునగడానికి సిద్ధమైంది. కాని ఆయాసం ఉంది. చన్నీళ్ళు తగిలితే ఊపిరాడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. పాస్టరు గారేమో మున్నేట్లో నీళ్ళు తేటగా ఉండే జనవరిలోనే, ఏడాదికి ఒక్కసారే బాప్తిస్మాలిస్తారు. జనవరిలో మున్నేరు ఐసు గడ్డ.

"నన్ను మున్నేట్లో ముంచితే మీ నాన్న పక్కకి కాదురా, నేరుగా మీ నాన్న దగ్గరికే పోతా," అంది కొడుకుతో.

ఇంతలో సంఘ పెద్ద స్తెఫను గారి అత్తగారు మంచం పట్టింది. ఆ ఖాళీ చోటు ఆవిడకు ఇమ్మని స్తెఫను గారు అడుగుతున్నాడు. పాస్టరు గారు పెద్ద మనసు చేసుకుని, జనవరి దాకా ఆపుతానన్నారు. ఆ తర్వాత తన చేతిలో లేదన్నారు.

అందుకే జీవరత్నం షావుకారు గారి తొట్టి పని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న వారంలోనే దాన్ని పేల్చేశాడు.

తుప్పు పట్టిన చిన్న మోటారు తీసి అవతల పారేసి, దాని చోట ఏడున్నర హార్స్‌పవరు పొలం మోటారు బిగించాడు. గొట్టాలు పాతవే, డ్రమ్ము పాతదే. ఇంటిల్లిపాదినీ దూరంగా నిలబెట్టి స్విచ్చి వేశాడు. డ్రమ్ము ఒక్క క్షణం మూలిగింది. దాని మూత ఎగిరి జామచెట్టు దాటి గోడవతల పడింది. లోపలి ఇసుకంతా నల్లగా లేచి తొట్టి నిండా పరుచుకుంది.

శ్యామలాదేవి గారు వరండాలో కుర్చీలోంచి కదలకుండానే, "మున్నేరు మనింటికే వచ్చిందండి," అన్నారు.

"ఇదేంటయ్యా?" అన్నారు షావుకారు గారు.

"డ్రమ్ములో సత్తా లేదండి. మోటారు మాత్రం బ్రహ్మాండంగా ఉంది, చూశారుగా."

మూత చూడ్డానికి పక్కింటివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళందరికీ డ్రమ్ము ఎంత పాతదో జీవరత్నమే వివరించాడు.

మర్నాడు షావుకారు గారు అతన్ని విజయవాడ పంపారు. అక్కడి దుకాణంలో తొట్టి కొలతలు చెప్పి కొత్త సామాను తెచ్చాడు. ఫైబరు డ్రమ్ము, వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టాలు, ఒక పంపు. ఆ పంపు మీది అంకెను జీవరత్నం రెండుసార్లు చదివాడు. ఒకటిన్నర హార్స్‌పవరు. అదీ పూర్తిగా తిప్పకూడదట. వేగం తగ్గించి, పగలంతా మెల్లగా తిప్పుతూనే ఉండాలట. మెల్లగా పోతేనే ఇసుక మురికిని పట్టుకుంటుందని, వేగంగా తోస్తే మురికి ఇసుకలోంచి జారిపోతుందని దుకాణం వాళ్ళు చెప్పారు. కరెంటు కూడా బాగా మిగులుతుందట.

"ఇంటికి కరెంటు రోజంతా ఉంటదిగా, తొందరేముంది?" అన్నారట.

తొందర లేకుండా నీళ్ళు తోడే మోటారు ఉంటుందని అతనికి కలలో కూడా తట్టలేదు. బిగించాక దాని మీద చెయ్యి వేసి చూశాడు. తిరుగుతున్నదో లేదో కూడా తెలియడం లేదు.

"ఎడ్లబండి," అన్నాడు అసహ్యంగా.

కాని నాలుగో నాటికి తొట్టి అడుగున నీలం పలకల మీద గీతలు కూడా కనపడ్డాయి. ఆ రోజు నుంచి, అలాంటి పంపు వెయ్యాలన్న ఆలోచన తనకు మొదట్నుంచీ ఉందని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

నీళ్ళు శుభ్రం చెయ్యడం ఇంకో కథ. పంచాయతీ ట్యాంకులో కొట్టే బ్లీచింగ్ పౌడరు ఒక బస్తా కుమ్మరిస్తే సరిపోతుందని జీవరత్నం అన్నాడు. రోజూ దిగే మనిషికి కళ్ళు మండుతాయని దుకాణంవాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు. నీళ్ళలో ఉప్పు కలిపితే, ఆ పెట్టె కరెంటుతో ఆ ఉప్పులోంచే క్రిముల్ని చంపే క్లోరిన్ తీస్తుంది. మళ్ళీ మళ్ళీ మందు కొట్టే పని లేదు. కల్లుప్పు బస్తాలు షావుకారు గారి గోడౌన్ నుంచే రిక్షాలో వచ్చాయి. వరసగా దిగుతున్న బస్తాలు చూసి శ్యామలాదేవి గారు, "ఏం జీవరత్నం, నన్ను ఆవకాయ పెడతావా?" అన్నారు.

"అమ్మగారూ, ఆవకాయలో వేసే ఉప్పుకీ దీనికీ పోలికే లేదండి. ఇది నాలిక మీద వేసుకుంటేగాని తెలియదు."

"జాడీలో మూత పెట్టకుండా ఉంటే అదే పదివేలు."

చివరిది నీళ్ళు వెచ్చబెట్టే యంత్రం. ఇది మాత్రం జీవరత్నానికి చూడగానే అర్థమైంది. ఏసీకి తిరగేసిన తోబుట్టువు. బయటి గాలిలో వేడిని పీల్చి నీళ్ళకు ఇస్తుంది, చల్లబడిన గాలిని బయటికి ఊదుతుంది. అది ఊదే చోట షావుకారు గారు మధ్యాహ్నాలు పడక్కుర్చీ వేయించుకుని కళ్ళు మూసుకునేవారు. ఒకే కరెంటుకి భార్యకు వేడినీళ్ళు, తనకు చల్లగాలి. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో ఇంత లాభసాటి బేరం తగల్లేదని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

అంతా అయింది. నీళ్ళు గోరువెచ్చగా, తేటగా ఉన్నాయి. ఒక్క శ్యామలాదేవి గారే దిగలేదు. మెట్టు దాకా వచ్చి, నీళ్ళు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళేవారు. భయం. ఇవాళ కాదు, రేపు అనేవారు. జీవరత్నం కూడా తొందరపెట్టలేదు. ఇంకా టెస్టింగు మిగిలి ఉందని పంపు గది తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు.

షావుకారు గారిని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడగడమంటే వద్దనే హక్కు ఎదటివాడి చేతిలో పెట్టడమేనని అతని లెక్క.

పాస్టరు గారి దగ్గరికి మాత్రం వెళ్ళాడు.

"మేము పారే నీళ్ళలోనే ఇస్తాం జీవరత్నం. నిలవ నీళ్ళు కుదరవు," అన్నారు నెహెమ్యా గారు.

"నిలవ నీళ్ళెట్టవుతయ్యండి అయ్యగారూ? ఈ చివర మోటారు లాగుద్ది, ఆ చివర గొట్టం వదులుద్ది. పొద్దస్తమానం పారతానే ఉంటయ్. మున్నేరైనా ఎండాకాలం ఆగుద్దిగాని ఇది ఆగదు."

పాస్టరు గారు గడ్డం రాసుకున్నారు. బైబిల్లో దీనికి అడ్డం వచ్చే వాక్యం ఏదైనా ఉందా అని వెతుక్కున్నట్టు పైకి చూశారు. దొరకలేదు.

"షావుకారు గారికి చెప్పావా?"

"చెప్పకుండా ఎట్టుంటానండి?"

జనవరి మొదటి ఆదివారం కోదాడలో షావుకారు గారి తమ్ముడి మనవరాలి పుట్టినరోజు. పొద్దున్నే భార్యాభర్తలు కార్లో బయల్దేరారు. జీవరత్నం వాచ్‌మన్‌కి డబ్బులిచ్చి బిర్యానీ తినిరమ్మని పంపాడు. మందిరంలో ఆరాధన అయ్యాక పాస్టరు గారు, అమ్మ, తను ఆటోలో వచ్చి, పని ముగించుకుని వెళ్ళిపోవాలని ప్లాను.

ఆటో గేటు లోపలికి వచ్చింది. దాని వెనక డోలకు చప్పుడు వినపడింది. జీవరత్నం తిరిగి చూస్తే ట్రాక్టరు.

"ఏందయ్యగారూ ఇది?"

"ఆదెమ్మ గారికి దేవుడు వేడినీళ్ళు సిద్ధపరిచాడని ఆరాధనలో సాక్ష్యం చెప్పానయ్యా," అన్నారు పాస్టరు గారు సంతోషంగా. "చలికి భయపడి ఏటేటా వాయిదా వేసినవాళ్ళంతా లేచి నిలబడ్డారు."

ట్రాక్టరు ట్రక్కులోంచి తెల్లచీరల ముసలమ్మలు ఒకరి తర్వాత ఒకరు దిగుతున్నారు. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పులు, ఉబ్బసాలు, అన్నీ దిగుతున్నాయి. సగం మంది తువ్వాళ్ళతో పాటు సున్నిపిండి కూడా తెచ్చుకున్నారు.

"పాటలు కొంచెం మెల్లగా పాడమనండి," అన్నాడు జీవరత్నం.

"దేవుడి పాట మెల్లగా ఎట్టా పాడతారయ్యా?" అంది ఒకామె.

అక్కడ కోదాడ దారిలో, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలు అడ్డంగా ఆగి, షావుకారు గారి కారు పొద్దుట్నుంచీ కదలకుండా నిలిచిపోయి ఉంది. కూర్చుని కూర్చుని శ్యామలాదేవి గారి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కాళ్ళు చాపే వీలు లేదు. "నావల్ల కాదు, ఇంటికి పదండి," అన్నారావిడ. కారు వెనక్కి తిరిగింది.

పాస్టరు గారు తొట్టిలోకి దిగారు. జీవరత్నం చెయ్యి పట్టుకుని ఆదెమ్మ ఒక్కో మెట్టే దిగింది. మొదటి మెట్టు మీద ఊపిరి బిగబట్టింది. రెండో మెట్టు మీద వదిలేసింది. నీళ్ళు నడుం దాకా వచ్చేసరికి ఆమె ముఖంలో ఏదో జరిగింది. అరవై ఏళ్ళుగా బిందెలతో నీళ్ళు మోసిన మనిషి. ఇన్ని వెచ్చటి నీళ్ళు ఎప్పుడూ తనకోసం లేవు.

"ఒరే, ఇట్టాంటి నీళ్ళుంటయ్యని ముందే చెప్తే మీ నాన్నతోపాటే మునిగేదాన్ని గదరా," అంది.

పాస్టరు గారు ఆమె తల మీద చెయ్యి పెట్టారు. అప్పుడే కారు గేటు లోపలికి వచ్చింది.

డోలకు ఆగింది. చెన్నకేశవరావు గారు కారు దిగి, తన తొట్టినీ, తొట్టి చుట్టూ తెల్లచీరల్నీ, తొట్టిలో నిలబడ్డ ఇద్దర్నీ చూశారు.

"జీవరత్నం," అన్నారు మెల్లగా. "ఇదేంటి?"

"టెస్టింగండి."

"ఏం టెస్టింగు?"

"లోడు టెస్టింగండి. మనుషులు దిగినప్పుడు వేడి ఆగుద్దో లేదో చూడాలి. ఖాళీ తొట్టి వేడెక్కించడం గొప్ప కాదు గదండి."

"పాటలు కూడా టెస్టింగేనా?"

జీవరత్నం వంగి, బాగానే ఉన్న గొట్టాన్ని బిగించడం మొదలుపెట్టాడు. 

పాస్టరు గారి ముఖం పాలిపోయింది. "అయ్యా, మీ అనుమతి ఉందని ఇతనే చెప్పాడు. లేదంటే ఇప్పుడే వెళ్ళిపోతాం." ఆదెమ్మ తల మీద నుంచి చెయ్యి తీసేశారు. "రండమ్మా, పైకి రండి."

ఆదెమ్మ కదల్లేదు. పైకి వెళితే ఇక ఎక్కడా మునగడం ఉండదని, ఆ చోటు స్తెఫను అత్తగారికి పోతుందని ఆమెకు తెలుసు. కొడుకు వైపు చూడలేదు, షావుకారు వైపు చూడలేదు. కారు తలుపు పట్టుకుని కష్టం మీద నిలబడ్డ శ్యామలాదేవి గారి వైపు చూసింది.

"అమ్మగారూ, నేను జీవరత్నం తల్లిని. మా ఆయన ఏటి గట్టున ఉన్నాడు. ఆయన పక్కన పడుకోవాలంటే ఒక్కసారి మునగాలంట. చన్నీళ్ళకి నాకు ఊపిరాడదు. వీడికి అడగడం చేతగాదు, చిన్నప్పట్నుంచీ అంతే. నేనడుగుతున్నా."

శ్యామలాదేవి గారు కారు తలుపు వదిలారు. కుంటుకుంటూ తొట్టి గట్టు దాకా వచ్చారు. ఇన్నాళ్ళూ తను వెనక్కి తిరిగిన మెట్టు దగ్గరే నిలబడ్డారు.

"కాళ్ళు జారడం లేదా?" అని అడిగారు.

"లేదమ్మా."

"భయం వెయ్యలేదా?"

"దిగేదాకా వేసింది. ఇప్పుడు పైకి రమ్మంటేనే వేస్తంది."

శ్యామలాదేవి గారు భర్త వైపు తిరిగారు. "పుట్టినరోజుకి ఎటూ పోలేకపోయాం. ఇక్కడైనా ఒక శుభకార్యం జరగనివ్వండి."

"అది కాదు శ్యామలా, అడక్కుండా..."

"ఆవిడ అడిగిందిగా. నాకు వినపడింది." పాస్టరు గారి వైపు చెయ్యి ఊపారు. "కానివ్వండి. వాళ్ళందర్నీ కూడా కానివ్వండి. అంత దూరం నుంచి వచ్చారు."

పాస్టరు గారు మళ్ళీ ఆమె తల మీద చెయ్యి పెట్టారు. తండ్రి పేరున, కుమారుని పేరున, పరిశుద్ధాత్మ పేరున ఆదెమ్మ వెనక్కి ఒరిగి నిండా మునిగింది. తెల్లచీర ఒక్కసారి నీళ్ళ మీద గొడుగులా విచ్చుకుంది. పైకి లేచి, ముఖం తుడుచుకుని, పెదాలు చప్పరించింది.

"ఉప్పగా ఉన్నయ్యేంటి అయ్యగారూ?"

"ఏం కాదమ్మా. పని అయిపోయింది. ఇక రండి."

"ఆగండి, ఇంకాసేపుంటా."

మిగిలిన ముసలమ్మలు దిగారు. మునిగినవాళ్ళెవరూ పైకి రావడం లేదు. కాసేపటికి తొట్టి నిండిపోయి పాస్టరు గారికే నిలబడ్డానికి చోటు లేకపోయింది. షావుకారు గారు పడక్కుర్చీ తెప్పించుకుని చల్లగాలి ఊదే చోట కూర్చున్నారు. జనవరిలో ఆ గాలికి ఆయనకు తుమ్ములు పట్టుకున్నాయి. అయినా లేవలేదు. లేస్తే ఓడిపోయినట్టని అనుకున్నారు కాబోలు.

వెళ్ళేటప్పుడు శ్యామలాదేవి గారు జీవరత్నాన్ని పిలిచారు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిట్లకు సిద్ధంగా ఉన్నాడు.

"రేపట్నుంచి రోజూ మీ అమ్మని తీసుకురా. ఆవిడ ముందు దిగాలి. నేనొక్కదాన్నే దిగలేను."

"అట్నే అమ్మగారూ."

"షాపు మానుకునైనా సరే, నువ్వే తీసుకురావాలి. నువ్వే తీసుకెళ్ళాలి."

"అట్నే," అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

ఆ సాయంత్రమే ఆదెమ్మ పట్టుబట్టి ఆటోను మున్నేటి గట్టుకు పోనిమ్మంది. పాస్టరు గారు కూడా వెంట ఉన్నారు. ఆశీర్వాదం సమాధి పక్కన ఖాళీ చోటు చూపించి, "ఇక ఇది మీదేనమ్మా. స్తెఫను గారికి నేను చెబుతాను," అన్నారు.

ఆదెమ్మ ఆ చోటును అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"ఇది ఎడం పక్క. ఎడం పక్క నాకొద్దు. ఆ మనిషి నలభై ఏళ్ళు ఎడం పక్కకే తిరిగి పడుకుని నా చెవిలో గురకపెట్టాడు. కుడి పక్క ఇప్పించండి."

"కుడి పక్క దారి ఉందమ్మా. అందరూ నడిచే దారి."

"కొంచెం అవతలికి జరపండి."

"దారి జరపాలంటే సంఘ పెద్దలు మీటింగు పెట్టుకోవాలమ్మా. స్తెఫను గారు ఒప్పుకోవాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం."

"పెట్టుకోండి, నిదానంగా పెట్టుకోండి," అంది ఆదెమ్మ, వంగి భర్త సమాధి మీది ఎండుటాకులు చేత్తో ఊడుస్తూ. "నాకేం తొందర లేదు."